ముందే తీసిపెట్టుకున్న నవ్వు

చనిపోయిన మనిషికి ఒక తేదీ ఉంటుంది. ఇల్లు విడిచి పోయినవాడికి అదీ ఉండదు. పోయిన వారం మనం ఇద్దరు ఆడవాళ్లను ఆళ్లగడ్డలో, రాళ్లు చెక్కే అంకన్న రేకుల పందిరి కింద వదిలి వచ్చాం. వాళ్ల ముందు సామ్యేలు పేరు చెక్కిన నల్లరాయి ఉంది.

"పుట్టిన తేదీ చెక్కినా. 'ప్రభువునందు నిద్రించిన దినము' అని ఉండాది గదా, దాని పక్కన ఏం చెక్కల్లమ్మా?" అని అంకన్న అడిగాడు.

సామ్యేలు భుజాన సంచి వేసుకుని ఇంట్లోంచి వెళ్లి మూడేళ్లు దాటింది. శవం దొరకలేదు, కబురు రాలేదు. అతని భార్య కరుణ ఆ రాయి వైపు చాలాసేపు చూసి, "ఆయప్ప గడప దాటిన దినమే ఏయన్నా" అంది. ఆ మాట ఆమె చేత అనిపించింది సామ్యేలు అక్క ప్రసన్నకుమారి. ఎదురుచూపు మనిషిని చెదపురుగులా లోపలినుంచి తింటుందని, ఒక ప్రార్థన, ఒక రాయి ఉంటే ఏడ్చుకోవడానికైనా చోటుంటుందని మరదలి వెంటపడి ఒప్పించింది. ఆదివారం చర్చిలో జ్ఞాపకార్థ కూడిక. అది ఖాయం చేసుకుని, ప్రసన్నకుమారి నంద్యాల బస్సెక్కింది.

ఆమె అక్కడికి వెళ్లింది నవ్వడానికి.

'నవ్వుల అంగడి' అనే టీవీ కార్యక్రమానికి పదిహేనేళ్లు నిండాయి. కోయిలకుంట్ల రోడ్డులోని పెద్ద కల్యాణమండపంలో ఆ పండుగ. ఆ కార్యక్రమంలో ప్రసన్నకుమారి పన్నెండేళ్లపాటు గయ్యాళి గంగమ్మ. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని రాగం తీసి ఏడిస్తే జనం పొట్ట చేత్తో పట్టుకునేవారు. సామ్యేలు తాగుబోతు తిమ్మప్ప. అతను నోట చుక్క వేసుకోని మనిషి, కానీ తూలుతూ వస్తే సారా వాసన కొట్టేది. చివరికి ఒక రోజు వచ్చింది. సామ్యేలు తూలాడు, పడ్డాడు, లేచాడు. ఎవరూ నవ్వలేదు. మరుసటి వారమూ నవ్వలేదు. తిమ్మప్ప వేషం తీసి అతని శిష్యుడు బెన్నీకి ఇచ్చారు. ఆ తర్వాతనే సామ్యేలు గడప దాటాడు. తమ్ముడు పోయాక ప్రసన్నకుమారి కూడా ముఖానికి రంగు పూసుకోలేదు.

ఈసారి న్యాయనిర్ణేతగా రమ్మని డైరెక్టర్ రవి అడిగినప్పుడు కూడా రానంది. "వేదిక మీద సామ్యేలు గారి ఫోటో పెట్టి దండ వేస్తాం మేడమ్" అన్నాడతను. ఆ ఒక్క మాటకు మెత్తబడింది.

ఆ అంగడిలో ఒక పద్ధతి ఉంది. స్కిట్లు మొదలు కాకముందే, ఖాళీ హాల్లో న్యాయనిర్ణేతల్ని కూర్చోబెట్టి వాళ్ల నవ్వులు కెమెరాలో తీసుకుంటారు. పండక్కి ముందే పిండి ఆడించి డబ్బాలో పోసుకున్నట్టు. ఎవరి స్కిట్టుకు ఎంత నవ్వు కావాలో అంత తర్వాత అతికించుకుంటారు.

"కొంచెం చిరునవ్వు మేడమ్... బాగుంది. ఇప్పుడు బల్ల కొట్టి నవ్వండి... కళ్లలో నీళ్లు తుడుచుకుంటూ ఒకటి..." అని రవి చెబుతూ పోయాడు.

పక్క కుర్చీలో ఉన్న శ్యాంసుందర్ సినిమాల్లో చిన్నచిన్న వేషాలు వేసే మనిషి. అతను కుర్చీలోంచి జారిపోతూ నవ్వాడు. ప్రసన్నకుమారి ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీల్ని చూస్తూ నవ్వింది. నవ్వుతూనే వేదిక పక్క చూసింది. బంతిపూల దండలో తమ్ముడి ఫోటో ఉంది. మేకప్ వేసుకోవడానికి పోతున్న బెన్నీ ఆ ఫోటో ముందు నుంచి తల వంచుకుని, అడుగు పెద్దది చేసి దాటిపోయాడు. గురువు ముందు నిలబడడానికి ముఖం చెల్లలేదు పాపం అనుకుంది ఆమె.

మధ్యాహ్నానికి హాలు నిండింది. ఆఖరి స్కిట్టు బెన్నీది.

బెన్నీ ఆడవేషంలో వచ్చాడు. నలిగిన నేతచీర, చేతిలో బట్టసంచి. వేదిక మధ్య సెల్‌ఫోను అంగడి, అందులో అంగడివాడి వేషంలో ఇంకో నటుడు.

"ఏమ్మా, మళ్లా వచ్చినావా? నీ మొగుడు పోయి మూడేండ్లాయ. ఆ నంబరుకు ఇంగా రీఛార్జి యాలమ్మా?"

"అట్లంటావేందన్నా! నంబరు చచ్చిపోతే ఆయప్ప చచ్చిపోయినట్టే గదా. నంబరు బతికుంటే ఆయప్ప గూడా యాడో బతికుండాడనే."

"అట్లనా! మా నాయన పోయి పదేండ్లాయ. ఆయన నంబరుకు గూడా ఒక నెల వేసి చూస్తా, లేచొచ్చినా వస్తాడు!"

హాలు విరగబడి నవ్వింది. బెన్నీ ఫోను చెవికి పెట్టుకున్నాడు. ఫోను స్విచ్ ఆఫ్‌లో ఉందని చెప్పే ఆడగొంతు మైకులో వినిపించింది. బెన్నీ నడుం మీద చెయ్యి పెట్టుకుని గయ్యిమన్నాడు.

"ఎవరే నువ్వు? మూడేండ్ల నుంచి చూస్తాండా, మా ఆయనకు చేస్తే నువ్వు పలుకుతాండావ్! ఆయప్ప నీ పక్కనే ఉండాడా? అన్నం తిన్న్యాడో లేదో అదన్నా చెప్పవే!"

జనం ఈలలు వేశారు. శ్యాంసుందర్ ఈసారి నిజంగానే కుర్చీలోంచి జారాడు.

ప్రసన్నకుమారి గుర్తుపట్టింది. అది కరుణ. ఆ చీర, ఆ సంచి, ఆ మాట అంతా కరుణే. మరదలు నెలనెలా మొగుడి నంబరుకు రీఛార్జి చేయిస్తుంది. ఆళ్లగడ్డలో చేయిస్తే నలుగురూ నవ్వుతారని కోయిలకుంట్ల బస్సెక్కి పోయి, ముక్కూమొహం తెలియని అంగడిలో చేయించుకుని వస్తుంది. ఒకసారి ఆ బస్సులోనే దొరికిపోయి, వదిన చేతులు పట్టుకుని, "నీ కాళ్లు మొక్కుతా వదినా, ఎవురికీ చెప్పొద్దు" అని ఏడ్చింది. ప్రసన్నకుమారి బైబిలు మీద చెయ్యి వేసి ఒట్టేసింది. ఎవరికీ చెప్పలేదు, పాస్టరుకు కూడా.

ఇప్పుడీ స్కిట్టు టీవీలో వస్తే కరుణ ఏమనుకుంటుంది? ఇది తెలిసిన మనిషి లోకంలో ఒక్కతే. ఆ ఒక్కతి న్యాయనిర్ణేత కుర్చీలో కూర్చుని, కళ్లు తుడుచుకుంటూ, బల్ల కొట్టి మరీ నవ్వుతూ కనిపిస్తుంది. తల్లీతండ్రీ పోయి, పెళ్లి చేసుకున్న మనిషి పోయి, తమ్ముడు పోయి, చివరికి ఒక కంచంలో తినడానికి మిగిలింది కరుణే. ఆ మనిషి కూడా చెయ్యి విడిపించుకుంటుంది.

స్కిట్టు ముగిసి తెర పడగానే ఆమె లేచి రవి దగ్గరికి పోయింది.

"రవీ, అది టీవీలో వేయొద్దు. అది మా ఇంటి కథ. మా కరుణను చూసి రాసినారు."

"అలా ఎలా అవుతుంది మేడమ్? ఈ పండుగకే హైలైట్ అది."

"నేను నవ్వలేదు. చూసినావు గదా, నేను నవ్వలేదు."

రవి చెడ్డవాడు కాదు. ఆ మాట కూడా మర్యాదగానే అన్నాడు. "పర్వాలేదు మేడమ్. మీ నవ్వు మా దగ్గరుంది కదా."

ఆమె నేరుగా మేకప్ గదిలోకి పోయింది. బెన్నీ అద్దం ముందు సవరం విప్పుతున్నాడు. ఆమెను చూసి లేచి నిలబడ్డాడు.

"తలుపెయ్" అంది ప్రసన్నకుమారి.

"అక్కా, అవార్డు టైమయితాంది..."

"తలుపెయ్‌రా అంటే!"

వేశాడు.

"మా ఇంట్లో తిన్న్యావు. కరుణ చేసిన రాగిసంకటి, చెనిక్కాయల చట్నీ నాకి నాకి తిన్న్యావు. ఈ మాట నీకెవురు చెప్పినారు?"

"ఏ మాటక్కా? కామెడీ గదా, ఊరికే రాసుకున్న్యా."

"ఊరికే యాడ్నుంచి వస్తాది రా? ఆ పిల్ల కోయిలకుంట్లకు దొంగతనంగా పోయొస్తాది. అంగడోనికి ఆమె పేరు గూడా తెల్దు. నాకు తెలుసు, నేను చెప్పలేదు. ఆమె చెప్పుకోదు. ఇంగెవురికి తెలుస్తాది?"

అడుగుతూ అడుగుతూనే ఆమె ఆగిపోయింది. ఆ ప్రశ్నకు జవాబు తన నోట్లోనే ఉన్నట్టు తోచింది. రీఛార్జి చేస్తే మెసేజి పోతుంది. ఎవరికి పోతుంది? అంగడివాడికి కాదు, డబ్బు కట్టిన మనిషికీ కాదు.

"ఆ ఫోను ఉన్నోనికి" అంది పైకే.

బెన్నీ ముఖాన పౌడరు కింద రక్తం లేదు. సగం విప్పిన సవరం చేతిలో పట్టుకుని నేల మీద కూలబడ్డాడు.

"నేను చెప్పల్లనే అనుకున్న్యా అక్కా. ఒట్టేయించుకున్న్యాడు. ఆ ఫోటోకు దండేస్తాంటే చూడలేకపోతి. బతికున్నోనికి దండేస్తాండారే అని..."

ప్రసన్నకుమారి గోడ పట్టుకుంది. ఎన్ని రాత్రులు ఈ మాట కోసం ప్రార్థించిందో! వచ్చింది. ఇలా వచ్చింది.

"యాడుండాడు?"

"సున్నిపెంటలో. డ్యాము క్వార్టర్ల కాడ ఒక హోటల్లో పనిచేస్తాండాడు. రెండేండ్ల నుంచి నా స్కిట్లన్నీ ఆయనే రాస్తాండాడక్కా. నాకు రాసేది యాడ వచ్చు? ఆ పాత సిమ్ము ఒక్కోసారి వేసి చూస్తాడంట. వదిన పెట్టిన మెసేజీలు వచ్చి పడతాయంట. అవి చదివి ఏడుస్తాడు. ఏడ్చి, మళ్లా వాటినే రాస్తాడు."

"ఈ రోజుది గూడా వాడే రాసినాడా?"

బెన్నీ తల ఊపాడు. "నిన్ను జడ్జిగా పిలిపించమని చెప్పింది గూడా అన్నే."

"ఫోన్ చెయ్."

బెన్నీ నంబరు నొక్కి, స్పీకరు పెట్టి, ఫోను ఆమె చేతిలో పెట్టాడు. రెండు మోతలకే ఎత్తారు. వెనక గిన్నెల చప్పుడు, ఎవరో ఇడ్లీ ఇడ్లీ అని అరుస్తున్నారు. మూడేళ్లుగా చచ్చిపోయిన మనిషి ఆత్రంగా అడిగాడు.

"ఏమప్పా బెన్నీ, పడిందా? రీఛార్జి అంగడి కాడ నవ్వు పడిందా?"

"పడింది రా సామ్యేలూ. బాగా పడింది."

గిన్నెల చప్పుడు మాత్రమే వినిపించింది. తర్వాత అదీ దూరమైంది. అతను బయటికి నడిచి వచ్చాడు కాబోలు.

"అక్కా" అన్నాడు.

"మీ అక్కనే. చావలేదింకా."

"తిట్టక్కా. ఎంతన్నా తిట్టు."

"తిట్టేకి నాకు ఓపిక యాడుంది? ఒకటి అడుగుతా చెప్పు. నవ్వుకోవడానికి నీకు కరుణే దొరికిందా? నిన్ను బతికించుకుంటాండే పిల్లను తీసుకొచ్చి సంతలో నిలబెట్టినావే!"

"మానుకుంటాదని రాసినానక్కా. ఊరంతా, జడ్జి కుర్చీలో నువ్వు గూడా నవ్వితే సిగ్గుపడి ఆ నంబరు వదిలేస్తాది. నన్ను గూడా వదిలేస్తాది. ఆమె ఇంగా వయసులో ఉండాది. ఎవురినో ఒకరిని చేసుకుని బతుకుతాదని."

"ఆ మాట నీ నోటితో చెప్పొచ్చు గదరా. నేను రానమ్మే, నా కోసం చూడొద్దు అని."

"చెప్పల్లంటే ఎదురుగా నిలబడల్ల గదక్కా. నేను నిలబడితే ఎవరూ నవ్వల్యా. ఆ రోజు ఇంటికొస్తే కరుణ ఒక్కతే నవ్వింది. అదే తూలడం, అదే పడ్డం. నేను బాధపడతానని బలవంతంగా నవ్వింది. అది చూసినాక నేను ఇంట్లో ఉండలేకపోతి."

ప్రసన్నకుమారికి కోపం రావలసిన చోట ఏమీ రాలేదు. నీళ్లింకిన బావిలో చేద వేసినట్టు ఉంది. తీరిగ్గా చెప్పింది.

"ఆదివారం నీకు జ్ఞాపకార్థ కూడిక. రాయి గూడా చెక్కించినాం."



"కరుణ ఒప్పుకుందా?"

"ఒప్పుకుంది."

అతను మళ్లీ మాట్లాడేసరికి ఆ గొంతులో ఉన్నది భారం దిగిన నెమ్మదో, గుండెలో దిగిన కత్తో ఆమెకు తెలియలేదు. "అయితే కానియ్యండక్కా. మంచిదే అయింది. నన్ను పోనియ్యండి. నువ్వు నాతో మాట్లాడనే లేదు, నా గొంతు విననే లేదు. సరేనా?"

ఫోను కట్టయింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

తలుపు కొట్టి ఎవరో పిలిచారు. "ప్రసన్న మేడమ్, స్టేజి మీదికి. ఉత్తమ స్కిట్టు మీరే ప్రకటించాలి."

మెట్లెక్కుతున్నప్పుడు ఆమె మనసులో ఒక్కటే లెక్క. తమ్ముడి సంగతి పెద్దది. అది ఇంటికి పోయి, కరుణను పక్కన కూర్చోబెట్టుకుని, చెయ్యి పట్టుకుని చెప్పాల్సింది. ముందు ఈ స్కిట్టు ఆళ్లగడ్డ చేరకూడదు. వేదిక మీద, ఇంతమంది ముందు, ఇది నిజంగా బతికున్న ఒక ఆడమనిషి బాధ అని చెప్పేస్తే ఏ చానలువాడూ వేయలేడు. అంత మాత్రమే చెప్పి దిగిపోదామనుకుంది.

దీపాల వెలుగుకు కళ్లు చికిలించి చూసింది. ముందు వరుసల్లో ఆళ్లగడ్డ చర్చి ఆడవాళ్లు. పాసులు తెప్పించి ఇచ్చింది తనే. కరుణను కూడా రమ్మంటే, "నాకు నవ్వు రాదు వదినా, కూడికకు వచ్చేవాళ్లకు వంట సంగతి చూసుకోవల్ల" అని ఆగిపోయింది. రాకపోవడమే మేలైంది అనుకుంది ప్రసన్నకుమారి.

మైకు చేతికిచ్చారు. "గంగమ్మా!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. చప్పట్లు.

"ఆఖరున చూసినారే, ఆ స్కిట్టు" అంది. "అది కథ గాదు. అది మా ఇంటిది. ఆ ఆడమనిషి మా మరదలు."

జనం నవ్వారు. గయ్యాళి గంగమ్మ ఎప్పుడూ అలాగే మొదలుపెట్టేది.

"నవ్వొద్దండప్పా. నిజం చెప్తాండా. ఆ పిల్ల మూడేండ్లుగా సచ్చి బతుకుతాంది. దాన్ని మీరు చూసి నవ్వినారు."

కన్నీళ్లు ఆగలేదు. అలవాటున కొంగు నోటి దగ్గరికి పోయింది. ఆ కొంగు పైకి లేవడం చూసి హాలంతా ఘొల్లుమంది. పన్నెండేళ్లు వాళ్లను నవ్వించిన ఏడుపు అది. మళ్లీ చూస్తామనుకోలేదు వాళ్లు. శ్యాంసుందర్ లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. రవి కెమెరావాళ్లకు దగ్గరికి రమ్మని చెయ్యి ఊపాడు.

"యాక్షన్ గాదు ఇది! వినండి!" ఆమె అరిచేకొద్దీ నవ్వు పెరిగింది. నీళ్లలో మునిగేవాడు చేతికందిందల్లా పట్టుకున్నట్టు, ఏం చెబితే ఈ నవ్వు ఆగుతుందా అని వెతుక్కుంది. దొరికిందే విసిరేసింది.

"ఆ స్కిట్టు రాసింది ఆ పిల్ల మొగుడే! ఆ ఫోటోలో ఉన్నోడే! దండేసినారే, వాడే! సచ్చిపోలేదు వాడు. మా సామ్యేలు బతికే ఉండాడు. సున్నిపెంటలో కూర్చుని పెండ్లాము ఏడుపు రాసి పంపిస్తాండాడు!"

హాలు పగిలిపోయింది. కొందరు లేచి నిలబడి ఈలలు వేశారు. అంత పెద్ద నవ్వు ఆమెకు తన జీవితంలో ఎప్పుడూ పడలేదు.

ఏం అన్నదో ఆమెకు అప్పుడు తెలిసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మాట అప్పటికే దాటిపోయింది.

అంత నవ్వులోనూ ముందు వరుసలో ఒక చోట నవ్వు లేదు. చర్చి ఆడవాళ్లు బిగుసుకుపోయి కూర్చున్నారు. వాళ్ల మధ్య ప్రసన్నకుమారి వీధిలోనే ఉండే శివమ్మ నిలబడి ఉంది. ఫోను పైకెత్తి, తెరను వేదిక వైపు తిప్పి పట్టుకుంది. చెయ్యి నొప్పి పుట్టి మోచేతిని ఇంకో చేత్తో ఆనించుకున్న తీరు చూస్తే, ఆమె ఆ ఫోనును ఇప్పుడు ఎత్తింది కాదని తెలుస్తోంది. బెన్నీ స్కిట్టు నుంచే ఎత్తి పట్టుకుని ఉంది. ఆ చిన్న తెర మీద, వీడియో కాల్‌లో, ఒక ముఖం ఉంది. అది ఎవరిదో కనుక్కోవడానికి ప్రసన్నకుమారికి కళ్లద్దాలు అక్కర్లేదు.

శివమ్మ పెదవులు తడుపుకుంది. జనం నవ్వు సద్దుమణిగిన ఆ ఒక్క క్షణంలో ఆమె మాట వేదిక దాకా వచ్చింది.

"ప్రసన్నక్కా, కరుణ లైన్లో ఉండాది. నీతో మాట్లాడల్లంటాంది."